బొమ్మ ముందు పిల్లల్ని కాసేపు నిలబడనివ్వండి

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల ఎస్‌.సి.ఇ.ఆర్‌.టి. డైరెక్టర్లకు, తెలుగు వాచకాల సంపాదకవర్గాలకు



మిమ్మల్ని ఒకే ఒక్కటి అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ప్రతి తెలుగు వాచకంలో ఒక బొమ్మనో శిల్పాన్నో పాఠంగా పెట్టండి. దాని మీద వ్యాసం అక్కర్లేదు, చేసినవాళ్ల జీవిత చరిత్ర అక్కర్లేదు. నిండు పేజీలో, మంచి కాగితం మీద, గీతలు స్పష్టంగా కనిపించేలా ఒక ఫొటో అచ్చు వేయండి చాలు. దాని పేరు, కథ, కాలం ఆ పేజీలో ఉండకూడదు. పేజీ తిప్పాకే కనిపించాలి. పిల్లలు ముందు బొమ్మను చూడాలి. చూసింది చూసినట్టు తెలుగులో చెప్పాలి, తర్వాత రాయాలి. అప్పుడు పేజీ తిప్పాలి.

ఇది డ్రాయింగు మాస్టారు చూసుకోవాల్సిన పని కదా అని మీరు అడగవచ్చు. డ్రాయింగు మాస్టారే లేని బళ్లు ఎన్నో మీకు తెలుసు. అయినా నేను తెలుగు వాచకాన్ని అడగడానికి కారణం వేరే ఉంది. బొమ్మను చూశామనే మనందరం అనుకుంటాం. ఎదుటివాళ్లకు చెప్పబోతే తెలుస్తుంది ఎంత వదిలేశామో. చెయ్యి పైకెత్తి ఉందా, దించి ఉందా? ఏ చెయ్యి? చూపు ఎటువైపు? మాట తడబడుతుంది, కళ్లు మళ్లీ బొమ్మ మీదికి వెళ్తాయి. ఆ రెండోసారి చూడడం కోసమే నా మొర అంతా. దాన్ని నేర్పగలిగేది భాష నేర్పే పీరియడే.

చాలా ఏళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పాను. విహారయాత్ర అంటే మాకు మూసీ ఒడ్డున ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియం. పిల్లలు బస్సు దిగి వరస కడతారు. ఒక గది నుంచి ఇంకో గదికి, దంతపు వస్తువుల నుంచి కత్తుల దగ్గరికి, అక్కణ్ణుంచి పింగాణీ దగ్గరికి. వెనక నుంచి మేం "ఆగకండి, నడవండి" అంటూనే ఉంటాం. ఆ మ్యూజియం మొత్తంలో పిల్లలు నిజంగా చూసేది ఒక్క సంగీత గడియారాన్ని. గంట కొట్టే వేళకు అందరూ హాల్లో చేరతారు, లోపలినుంచి చిన్న మనిషి బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టి వెళ్తుంది. ఆ కాసేపూ ఒక్కరూ కదలరు. గడియారం కదిలే వస్తువు కాబట్టి అంత శ్రద్ధ అంటారు చాలామంది. నాకు ఇంకోటి తోస్తుంది. మ్యూజియంలో పిల్లల్ని ఆపి, ఒక వస్తువు వైపు మొహం తిప్పించి, ఎదురుచూడనిచ్చే చోటు అదొక్కటే. మిగతా వస్తువుల దగ్గర మనం వాళ్లకు ఆ అవకాశమే ఇవ్వడం లేదు.

అదే మ్యూజియంలో మనిషెత్తు కొయ్యబొమ్మ ఒకటి ఉంది. సికమోర్ అనే చెట్టు దుంగలో చెక్కింది. దాని వెనక పెద్ద అద్దం ఉంటుంది. ఒకసారి తొమ్మిదో తరగతి పిల్లల్ని కొద్దిమందిని ఆ బొమ్మ ముందు ఆపాను. పలక చదవొద్దన్నాను. ఏం కనిపిస్తోందో చెప్పమన్నాను.

"మగమనిషి. గర్వంగా ఉన్నాడు," అన్నాడు ఒకడు.

"గర్వం ఎక్కడ కనిపించిందిరా?"

"నిలబడ్డంలో టీచర్."

"నిలబడ్డంలో ఎక్కడ?"

అక్కణ్ణుంచి వాడు నిజంగా చూడడం మొదలుపెట్టాడు. తల వంగలేదన్నాడు. ఒంటి మీద పొడవాటి పైవస్త్రం, దానికి తల మీదికి లాక్కునే ముసుగు ఉన్నాయన్నాడు. బూట్లకు మడమలున్నాయని ఇంకో పిల్ల అందించింది. పెదవి చివర నవ్వుంది, అది మనల్ని చూసి నవ్వే నవ్వు కాదు, మనమీద నవ్వే నవ్వు అంది మూడో పిల్ల. అంతదాకా "గర్వం" ఒక్క మాటే. ఇప్పుడు దానికి తల, బట్ట, బూటు, పెదవి వచ్చాయి.

తర్వాత అద్దంలోకి చూడమన్నాను. అతని వీపు ఉండాల్సిన చోట ఒక అమ్మాయి ఉంది. తల దించుకుంది, చేతిలో ప్రార్థన పుస్తకం ఉంది. ఒకే దుంగలో ముందువైపు అతను, వెనకవైపు ఆమె. పిల్లలు "అబ్బా" అన్నారు. సాధారణంగా వచ్చినవాళ్లందరూ అక్కడే ఆగిపోతారు, ఫొటో తీసుకుని కదులుతారు. నేను కదలనివ్వలేదు. అతనికీ ఆమెకీ పోలిక ఏమైనా ఉందా అని అడిగాను. ఏమీ లేదన్నారు, అంతా వ్యతిరేకమే అన్నారు. అతను మగ, ఆమె ఆడ. అతను తలెత్తాడు, ఆమె దించుకుంది. అతనికి పొగరు, ఆమెకు బిడియం. చాలాసేపటికి ఒక పిల్ల మెల్లిగా అంది: "టీచర్, ఇద్దరి అంచూ ఒకటే."

అవును, ఒకటే. దుంగ ఒకటే అయినప్పుడు ముందునుంచి చూసినా వెనకనుంచి చూసినా బయటి గీత ఒకటే కావాలి. ఎదుట అతని చుట్టూ వేలితో గీసుకుంటూ వెళ్తే వచ్చే గీతే అద్దంలో ఆమె చుట్టూ కొంచెం చిన్నదై కనిపిస్తుంది. అతని భుజం ఎక్కడ వాలుతుందో ఆమె భుజమూ అక్కడే వాలాలి. అతని బట్ట ఎక్కడ విచ్చుకుంటే ఆమె గౌనూ అక్కడే విచ్చుకోవాలి. మోసం చేసే మగవాణ్ణీ, మోసపోయే ఆడపిల్లనూ ఒకే గీతలో ఇమడ్చడమే ఆ వడ్రంగి తనకు తాను పెట్టుకున్న పరీక్ష. ఆ పిల్ల దాన్ని ఏ పుస్తకంలోనూ చదవలేదు. కళ్లతో పట్టుకుంది.

అప్పుడు కథ చెప్పాను. జర్మన్ కవి గోథే రాసిన ఫౌస్ట్ నాటకంలోని మెఫిస్టోఫిలీస్ అనే దయ్యం, మార్గరెట్టా అనే అమాయకురాలు వీళ్లిద్దరూ. నాటకం మొదటి భాగం 1808లో వచ్చింది. కథ అయిపోయాక పిల్లలు అడిగిన ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు: "ఆమెకు తన వెనకే ఎవరున్నారో తెలుసా టీచర్?" కథ ముందే చెప్పి ఉంటే ఈ ప్రశ్న పుట్టేది కాదు. ఇద్దరూ ఒకరినొకరు ఎప్పటికీ చూసుకోలేరని, ఇద్దర్నీ కలిపి చూడగలిగేది అద్దం ముందు నిలబడ్డ మనమేనని వాళ్లకు ముందు కళ్లు చెప్పాయి, తర్వాత కథ తోడైంది.

కథ తెలియని బొమ్మ దగ్గర పరిస్థితి ఇది. తెలిసిన కథ దగ్గర కష్టం ఇంకో రకం. అమరావతి స్తూపానికి చెందిన ఒక గుండ్రటి పలక చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. పలనాటి సున్నపురాయి మీద చెక్కిన పని, దాదాపు పద్దెనిమిది వందల ఏళ్లనాటిది. బుద్ధుడి మీదికి దేవదత్తుడు నాలాగిరి అనే మదపుటేనుగును వదిలిన కథ అందులో ఉంది. ఆ కథ చదువుకున్న పిల్లవాడికి ఫొటో చూపిస్తే వెంటనే "బుద్ధుడు ఏనుగును శాంతింపజేశాడు" అంటాడు, పుస్తకం మూసేస్తాడు. పేరు దొరికింది కాబట్టి చూపు అయిపోయింది.

అదే ఫొటో ఇచ్చి, కథ మాట ఎత్తకుండా, ఎన్ని ఏనుగులున్నాయో చెప్పమనండి. రెండున్నాయి. ఎడమవైపు ఒకటి వీధిలో మనుషుల మీద పడి తొక్కుతోంది, తొండంతో మనిషిని పట్టుకుంది, జనం పరుగులు పెడుతున్నారు. కుడివైపు ఒకటి మోకరిల్లి ఉంది, ఎదురుగా బుద్ధుడు, ఆయన వెనక భిక్షువులు. రెండూ ఒకే ఏనుగు. వృత్తంలో ఒక పక్క ఇంతకుముందు జరిగింది, ఇంకో పక్క ఇప్పుడు జరుగుతోంది. మధ్యలో గోడ లేదు, గీత లేదు. భయపడుతున్న ఒళ్లన్నీ పక్కలకు వాలిపోయి ఉంటే, శాంతం ఉన్నవైపు ఒళ్లు నిలువుగా ఉంటాయి. పైన కిటికీల్లోంచి తొంగిచూసేవాళ్లున్నారు, మనలాగే వాళ్లూ ప్రేక్షకులు. కాలాన్ని ఒకే చట్రంలో ఎలా మడవాలో మన శిల్పులు సినిమా పుట్టడానికి ఎన్నో వందల ఏళ్ల ముందే తేల్చుకున్నారు. "శాంతింపజేశాడు" అన్న ఒక్క క్రియలో ఇదంతా కొట్టుకుపోతోంది.

ఈ పలక కోసం పల్నాడు పిల్లవాడు చెన్నై వెళ్లాలి. అమరావతి రాళ్లలో ఇంకెన్నో లండన్‌లో ఉన్నాయి. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసు చేరి, 1859లో అక్కణ్ణుంచి ఓడెక్కాయి. అసలు రాయి దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్లలేం కాబట్టే నిండు పేజీ ఫొటో అడుగుతున్నాను. చరిత్ర పుస్తకంలో అగ్గిపెట్టంత చోట నల్లగా మసకగా అచ్చు వేస్తే అందులో ఏనుగెక్కడో మనిషెక్కడో ఎవరికీ కనిపించదు.

అసలు చోటికి వెళ్లినా చూస్తామన్న నమ్మకం లేదు. లేపాక్షి వీరభద్రాలయంలో ఒక స్తంభం నేలకు పూర్తిగా ఆనదు. గైడు దాని కిందినుంచి గుడ్డ లాగి చూపిస్తాడు. జనం అదే పనిగా వంగి గుడ్డలు లాగుతారు. అదే మండపంలో వాళ్ల తలల మీద పదహారో శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో వేసిన చిత్రాలు బారులు తీరి ఉన్నాయి. పార్వతీ పరిణయం ఉంది, కిరాతార్జునీయం ఉంది, ఎత్తైన కుళ్లాయిలు పెట్టుకున్న పెద్దమనుషులున్నారు, ఒక్కో ఆడమనిషి చీర మీద ఒక్కో రకం గళ్లు, చారలు, పూలు ఉన్నాయి. తలెత్తేవాళ్లు కొద్దిమంది. ఆ ఊరికి అంత దూరంలో లేని ధర్మవరంలో మగ్గం దగ్గర పెరిగిన పిల్లను అక్కడికి తీసుకెళ్లి, నలుగురు ఆడవాళ్ల చీరలు వర్ణించమనండి. కళాచరిత్రకారులకంటే ముందు ఆ పిల్ల అంచు ఎక్కడ మొదలైందో, కొంగు ఎటు పడిందో చెబుతుంది.

అందుకే పిల్లలకు మాటలు లేవన్న మాట నేను ఒప్పుకోను. వాళ్లకు వచ్చిన మాటలు బడిలో బయటికి రానివ్వకపోవడమే మన కొరత. శిల్పాన్ని గురించి రాయమంటే "ఈ శిల్పం చాలా అందంగా ఉంది, శిల్పి అద్భుతంగా మలిచాడు, మన సంస్కృతికి అద్దం పడుతోంది" అని రాస్తారు. ఈ వాక్యాలు నందికీ అతుకుతాయి, నటరాజుకీ అతుకుతాయి. పిల్లలు వీటిని మన వాచకాల్లోంచీ, మన పత్రికల్లోంచీ నేర్చుకున్నారు. నా తరగతిలో ఒక నియమం పెట్టాను. అందం, అద్భుతం, మనోహరం వంటి మాటలు పీరియడు చివరి అయిదు నిమిషాల దాకా నోట రాకూడదు. మొదట ఇబ్బంది పడేవాళ్లు. తర్వాత ఇంటి మాటలు వచ్చేవి. మనిషి కూర్చున్నాడని ఊరుకోకుండా గొంతుక్కూర్చున్నాడనీ, బాసింపట్టు వేశాడనీ, చేరగిలబడ్డాడనీ, చతికిలబడ్డాడనీ చెప్పేవాళ్లు. రాయి నున్నగా ఉందా, గరుకుగా ఉందా, అరిగిపోయిందా, పెచ్చు లేచిందా అని తేడా పట్టేవాళ్లు. ఒక వడ్రంగి కొడుకు కొయ్యబొమ్మలో దారు రేఖలు ఎటు పోతున్నాయో చెప్పి, అక్కడ ఉలి ఎదురు తిరుగుతుందన్నాడు. ఆ రోజు తరగతి మొత్తానికి వాడే ఉపాధ్యాయుడు.

ఇంకో పని చేయించేదాన్ని. ఇద్దరు పిల్లలు. ఒకరు బొమ్మ వైపు, ఇంకొకరు బొమ్మకు వీపు పెట్టి కూర్చుంటారు. చూసేవాళ్లు చెబుతారు, వినేవాళ్లు కాగితం మీద గీస్తారు. బొమ్మ పేరు చెప్పకూడదు. తర్వాత గీసినదాన్ని అసలు బొమ్మతో పోల్చి చూస్తారు. బొమ్మ సరిగ్గా రాకపోతే నూటికి తొంభై పాళ్లు లోపం గీసినవాడిది కాదు, చెప్పినవాడిదే అని పిల్లలకే తెలిసిపోతుంది. "పక్కన" అంటే ఏ పక్కన అని, "పెద్దది" అంటే దేనికంటే అని వాళ్లే ఒకరినొకరు నిలదీసుకుంటారు. వ్యాకరణ పాఠంలో నేనెంత మొత్తుకున్నా రాని ఖచ్చితత్వం అక్కడ వచ్చేది.

ఇది కొత్తగా కనిపెట్టిన పద్ధతేమీ కాదు. హార్వర్డ్‌లో కళాచరిత్ర చెప్పే జెన్నిఫర్ రాబర్ట్స్ తన విద్యార్థులను ఒకే చిత్రం ముందు మూడు గంటలు కూర్చోమంటారు. జాన్ కాప్లీ 1765లో వేసిన చిత్రం ఒకటుంది, అందులో ఒక కుర్రాడి దగ్గర పెంపుడు ఎగిరే ఉడుత ఉంటుంది. కుర్రాడి చెవి ఆకారమూ ఉడుత పొట్ట పక్క బొచ్చు ఆకారమూ ఒకటేనని గమనించడానికి తనకే తొమ్మిది నిమిషాలు పట్టిందని ఆమె రాశారు. జీవితమంతా బొమ్మలు చూసిన మనిషికి తొమ్మిది నిమిషాలు! యేల్‌లో వైద్య విద్యార్థులను మ్యూజియంలో చిత్రాల ముందు నిలబెట్టి వర్ణించమన్నారు, దానివల్ల రోగిని గమనించే నేర్పు పెరిగిందని 2001లో అక్కడి అధ్యాపకులు అమెరికా వైద్యసంఘం పత్రికలో ప్రకటించారు. మంచిదే. కానీ పిల్లలు డాక్టర్లవుతారని నేను ఈ పాఠం అడగడం లేదు. రాయిలో ఒక మనిషి పెట్టిన శ్రద్ధను ఇంకో మనిషి అందుకోవడమే నాకు చాలు.

మన దగ్గర ఈ సంప్రదాయం లేకపోలేదు. తెలంగాణలో కాకిపడగల వాళ్లు చేర్యాల నకాషీలు వేసిన పటాన్ని విప్పి, గడి తర్వాత గడి చూపిస్తూ ముదిరాజులకు కథ చెప్పేవారు. చూపించే చెయ్యీ, చెప్పే నోరూ ఒకే మనిషివి. గుంటూరు జిల్లా తుమ్మపూడిలో ఉంటూనే సంజీవదేవ్ రంగుల గురించి, రేఖల గురించి దశాబ్దాల పాటు తెలుగులో రాశారు. ఆయన పేరు మన వాచకాల్లో ఒక రచయిత పరిచయంగా మిగలకుండా ఒక పద్ధతిగా బతకాలని నా ఆశ.

మీరు కింది తరగతుల వాచకాల్లో పాఠానికి ముందు బొమ్మ వేసి, "చిత్రం చూడండి, ఆలోచించి మాట్లాడండి" అంటారు. ఎవరెవరున్నారు, ఏం చేస్తున్నారు అని అడుగుతారు. మంచి అలవాటు. కాకపోతే ఆ బొమ్మ పాఠంలోకి తీసుకెళ్లే గుమ్మం మాత్రమే, దాటేశాక ఎవరూ వెనక్కి చూడరు. పై తరగతులకు వచ్చేసరికి ఆ కాస్తా పలచబడుతుంది. మీరే మొదలుపెట్టినదాన్ని ఇంకొంత దూరం తీసుకెళ్లమని అడుగుతున్నాను.

దీన్ని వార్షిక పరీక్షలో ప్రశ్నగా పెట్టవద్దని చేతులు జోడించి కోరుతున్నాను. పెట్టిన మర్నాటికే గైడ్లలో జవాబులు అచ్చవుతాయి, పిల్లలు మళ్లీ బొమ్మ చూడకుండా బట్టీ పడతారు. ఫార్మేటివ్ మూల్యాంకనంలో ప్రాజెక్టు పని కింద పెట్టండి. మార్కులు ఎన్ని వాక్యాలు రాశారన్నదానికి ఇవ్వవద్దు. చెప్పిన మాటకు బొమ్మలో ఆధారం చూపించగలిగితే ఇవ్వండి. "విచారంగా ఉంది" అని రాసిన పిల్ల, ఎక్కడ అంటే కనురెప్పనో వంగిన మెడనో చూపించాలి, అంతే. ఉపాధ్యాయులకు కళాచరిత్ర రాదని సందేహించకండి. రాకపోవడమే ఇక్కడ మేలు, ముందే చెప్పేయాలన్న ఆత్రం ఉండదు. వాళ్లకు కావలసింది "ఎక్కడ కనిపించింది?" అన్న ప్రశ్న, జవాబు వచ్చేదాకా మాట్లాడకుండా ఉండగల ఓపిక.

ఏ బొమ్మలు పెట్టాలో మీకంటే నాకు ఎక్కువ తెలుసని చెప్పను. నా వంతు చెబుతాను. ఆరో తరగతికి చేర్యాల పటంలో ఒక గడి, ఎర్రటి నేల మీద బొమ్మలు పిల్లలకు తేలిగ్గా చదువుకొస్తాయి. ఏడుకు లేపాక్షి కప్పులో ఒక భాగం. ఎనిమిదికి అమరావతి ఏనుగు. తొమ్మిదికి సాలార్‌జంగ్ కొయ్యబొమ్మ, ముందు ఫొటో, అద్దం ఫొటో పక్కపక్కన. పదో తరగతికి రాజమండ్రి గ్యాలరీలో ఉన్న దామెర్ల రామారావు చిత్రాల్లో ఒకటి. ఆయన 1925లో, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే పోయాడు. పదో తరగతి పిల్లలు తమకంటే ఎంతో పెద్దవాడు కాని మనిషి పనిని చూస్తున్నామని పేజీ తిప్పాక తెలుసుకుంటారు.

తర్వాతి ముద్రణకు పుస్తకాలు వెళ్లేలోపు మీరు సంపాదకవర్గాల వర్క్‌షాపు పెడతారు. అందులో నాకు ఒక పూట ఇవ్వండి. మాదిరి పాఠం రాసి సిద్ధంగా ఉంచాను. కానీ దాన్ని చదివి వినిపించను. ఒక బొమ్మ గోడకు పెట్టి, మీ అందర్నీ దాని ముందు కూర్చోబెట్టి, ఏం కనిపిస్తోందో చెప్పమని అడుగుతాను.

ఇట్లు
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని